ఆ పిల్ల చూసింది, నేను కొట్టేసింది

ప్లాస్మోడియం జీవితచక్రం మొత్తం పుస్తకం చూడకుండా నల్లబల్ల మీద గీసేదాన్ని. ఒకవైపు దోమ, ఒకవైపు మనిషి, మధ్యలో బాణాలు, ఎర్ర రక్తకణంలో ఉంగరంలాంటి దశ, ఆ తర్వాతి దశలు, ఒక్కోదానికి ఒక్కో రంగు సుద్ద. బీఈడీలో పాఠం చెప్పి చూపించమన్నప్పుడు ఆ బొమ్మకే నాకు మంచి మార్కులు పడ్డాయి. కాని ఉద్యోగంలో చేరి ఐదేళ్లయినా ఆ జీవిని ఒక్కసారి కూడా కంటితో చూడలేదు. మా కాలేజీలో దాని స్లయిడు ఒకటి ఉండేదట, మేము చేరకముందే పగిలిపోయిందట. చూడకుండానే పాసయ్యాను, చూడకుండానే పిల్లలకు చెబుతున్నాను.

మాది పెద్దపల్లి దగ్గర పల్లెటూరు. వరి పొలాల మధ్య పెరిగినదాన్ని. డెబ్బైల చివర్లో నన్ను ఆదిలాబాద్ జిల్లాలో అడవి అంచున ఉన్న ఒక ఆడపిల్లల హైస్కూలుకు బదిలీ చేశారు. మా ఆయన ఉద్యోగం బెల్లంపల్లిలో. శనివారం మధ్యాహ్నం బస్సెక్కి అక్కడికి పోయేదాన్ని, సోమవారం మొదటి బస్సుకు తిరిగొచ్చేదాన్ని. మిగతా రోజులు బడి వెనక గదిలో ఒక్కదాన్నే. బడికి ఆనుకుని హాస్టలు. చుట్టుపక్కల గూడేల పిల్లలు ఎనభై మంది దాకా అందులో ఉండి చదువుకునేవాళ్లు.

బడికి ఒక మైక్రోస్కోపు ఉంది. అది చెక్కపెట్టెలో, ఆ పెట్టె ఇనుప బీరువాలో, బీరువా తాళంచెవి పెద్దసారు చొక్కా లోపలి జేబులో. పెద్దసారు రిటైరు కావడానికి దగ్గర పడ్డ మనిషి. కోపిష్టి కాదు, భయస్థుడు.

"సార్, తొమ్మిదో తరగతికి ఏకకణ జీవులు మొదలుపెడుతున్న. మైక్రోస్కోపు కావాలె" అన్నాను.

"బొమ్మ గియ్యమ్మా. మంచిగ గీస్తవట గద."

"పిల్లలు కండ్లతోని చూస్తే వేరే ఉంటది సార్."

"పలిగితే ఎవలు జవాబు చెప్పాలె?"

"నేనే చెప్త" అన్నాను. కాయితం మీద అలాగే రాయించుకుని, సంతకం పెట్టించుకుని, తాళం తీశాడు.

ఏకకణ జీవులు పెరిగేందుకు గడ్డినీళ్లు నా గదిలోనే తయారుచేశాను. వరిగడ్డిని వేలెడు ముక్కలుగా కోసి, ఉడకబెట్టి, చల్లారాక వాగు మడుగులోంచి తెచ్చిన నీళ్లు చెంబెడు కలిపి, వెడల్పు మూతి సీసాలో పోసి గుడ్డ కట్టాను. వారం తిరిగేసరికి గదినిండా కుళ్లు వాసన. తొమ్మిదో రోజు నీళ్ల మీద తెల్లటి పొర తేలింది. దాని కిందినుంచి ఒక చుక్క తీసి చూస్తే చెప్పు అడుగుల్లాంటి పారమీసియాలు గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి.

కిటికీ దగ్గర బల్ల వేసి పిల్లల్ని వరుసగా నిలబెట్టాను. చాలామందికి తమ కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. కొందరు ఏమీ కనిపించకపోయినా కనిపించిందని చెప్పి వెళ్లిపోయారు. వరుసలో చివర ఒక పిల్ల ఉంది. గోండు పిల్ల, ఇంట్లో మాట్లాడే భాష వేరు, తెలుగు బడిలో నేర్చుకున్నది. తరగతిలో నోరు తెరిచేది కాదు. ఆ పిల్ల గొట్టానికి కన్ను ఆనించి చాలాసేపు కదల్లేదు.

"టీచర్, గివి ఉరుకుతున్నయి. నిలవడ్తలేవు."

"అవును, వాటిని ఆపుడు కష్టం."

కాసేపు ఆలోచించింది. "జర పత్తి పోగులు ఏద్దామా? మేకలకు దడి కట్టినట్టు ఆగుతయేమో."

హాస్టలుకు ఉరికి, తన దిండులోంచి చిటికెడు పత్తి పీక్కొచ్చింది. వాళ్ల చేలో పండిన పత్తే. పోగులు విడదీసి చుక్కలో పరిచింది. పారమీసియాలు ఆ పోగుల మధ్య చిక్కుకుని, వెనక్కి జరిగి, పక్కకు తిరిగి, దారి వెతుక్కుంటున్నాయి. అప్పుడు తరగతి మొత్తం చూసింది. ఆ ఉపాయం పుస్తకాల్లో ఉన్నదేనని నాకు తర్వాత ఎప్పుడో తెలిసింది. ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

ఆ సంవత్సరంలో నేను సంతోషంగా ఉన్నది ఆ ఒక్క వారమే.

శ్రావణంలో ముసురు పట్టింది. వాగు నిండింది. హాస్టలులో జ్వరాలు మొదలయ్యాయి. మధ్యాహ్నం అన్నం గంట కొట్టే వేళకు ఎవరో ఒక పిల్ల వణకడం మొదలుపెట్టేది. నాలుగు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకమనేవి. తర్వాత ఒళ్లు కాలిపోయేది, ఆ తర్వాత చెమటతో పక్కబట్టలు తడిసిపోయేవి. సాయంత్రానికి లేచి కూర్చునేది. ఒకరోజు ఊరుకుని మూడోరోజు అదే వేళకు మళ్లీ వణుకు. మొదట ముగ్గురు, తర్వాత తొమ్మిది మంది, తర్వాత లెక్కపెట్టడం మానేశాను. తరగతిలో సగం బెంచీలు ఖాళీ. మిగిలిన సగానికి మలేరియా పాఠం చెప్పాలి. రంగు సుద్దలు చేతిలో పట్టుకుని నల్లబల్లముందు నిలబడితే నాకే సిగ్గేసేది.

పదిహేను రోజులకోసారి మలేరియా డిపార్టుమెంటు ఆయన సైకిల్ మీద వచ్చేవాడు. పిల్లల వేళ్లు పొడిచి, గాజు స్లయిడు మీద రక్తం పూసి, నాలుగేసి చేదు గోలీలు మింగించి పోయేవాడు. పిల్లలు ఆయన్ని సూదిసారు అనేవాళ్లు.

"రిపోర్టు ఎప్పుడొస్తది?" అని అడిగాను.

"సెంటర్‌ల స్లయిడ్లు కుప్పలు పడ్డయి టీచరమ్మా. చూసెటాయన ఒక్కడే. మూడు వారాలు పట్టొచ్చు, నెల గూడ పట్టొచ్చు."

"అప్పటిదాక పిల్లలకు ఏమన్నయితే?"

"గందుకే గద గోలీలు ఇస్తున్న. గవి జరాన్ని ఆపుతయి. రిపోర్టు వచ్చినంక అసలు మందు." ఆ మాట అని ఆయన నా మొహం చూడలేదు. ఆ గోలీలతో తగ్గిన జ్వరం పదిరోజులకు మళ్లీ వస్తోందని ఆయనకూ తెలుసు.

నాకు ఒకటే ఆలోచన. బడిలో మైక్రోస్కోపు ఉంది. ఆ పురుగు గురించి పాఠం చెప్పేదాన్ని నేనే ఉన్నాను. నెల రోజులు ఎదురుచూడడం దేనికి? ఆయన్ని బతిమాలితే రంగులు రెండు చిన్న సీసాల్లో పోసిచ్చాడు. ఒక స్లయిడు అంచుతో రక్తపు చుక్కను పలచగా లాగడం, ఆరబెట్టడం, రంగుల్లో ముంచి కడగడం తానే కూర్చుని నేర్పాడు. పోయేముందు మాత్రం ఒక మాట అన్నాడు.

"మీ దానికి నూనె లెన్సు లేదు. గీ లెన్సుతోని పురుగు కనబడది. ఊకె పరేషాన్ కావద్దు టీచరమ్మా."

స్లయిడు మీద నూనె చుక్క వేసి చూసే, అన్నిటికంటే పెద్దగా చూపించే ఆ లెన్సు కోసం జిల్లా ఆఫీసుకు రాయమని పెద్దసారును అడిగాను. రాశాడు. జవాబు రాలేదు. మళ్లీ రాయమన్నాను. "రాస్తే వస్తదా అమ్మా? పోయినేడు బెంచీలకు రాసిన, గవి వచ్చినయా?" అన్నాడు. అయినా రాశాడు.

పిల్లలు పడకల మీద వణుకుతుంటే చేతులు కట్టుకుని కూర్చోలేక, కనిపించదని తెలిసి కూడా తరగతిలో రక్తం చూపిద్దామనుకున్నాను. ముందు నా వేలు పొడుచుకున్నాను. ఎవరు వస్తారంటే నలుగురు లేచారు. మొదట లేచింది ఆ పిల్లే. వారం కిందట తనకూ జ్వరం వచ్చి, గోలీలతో తగ్గింది. స్లయిడ్లు తనే లాగింది. నాకంటే పలచగా, నాకంటే సాఫీగా లాగింది.

రంగు వేశాక మూడు రోజులు ఎండ లేదు. మైక్రోస్కోపు కింద వెలుతురు పట్టే అద్దాన్ని ఎటు తిప్పినా బూడిదరంగు చీకటి. లాంతరు పెట్టి చూశాం, మసి తప్ప ఏమీ లేదు. నాలుగో రోజు మూడో పీరియడులో అరగంట ఎండ కాసింది. పిల్లలు పరుగున వచ్చారు. రక్తకణాలు ఎర్ర కందిపప్పు పరిచినట్టు కనిపించాయి. అందరూ చూశారు. ఆ పిల్ల అందరికంటే చివర కూర్చుని తన స్లయిడే పెట్టుకుంది. వేళ్లతో స్లయిడును కొంచెం కొంచెంగా జరుపుతూ చూస్తోంది.

"టీచర్, గిండ్ల ఒకటి వేరే తీరుగున్నది. నెలవంక లెక్క. నడుమ నల్లగ సుక్కలున్నయి."

నేను కన్ను పెట్టాను. అప్పటికే మబ్బు కమ్ముతోంది. నీలంగా, వంకరగా ఏదో కనిపించింది. ఈ లెన్సుతో కనబడదని తెలిసినాయన చెప్పాడు. ఇక అనుమానం దేనికి?

"రంగు మరక అది. సరిగ్గ కడగలే" అన్నాను.

"మల్లొకటి గూడ ఉన్నది టీచర్. అచ్చం గట్లనే ఉన్నది."

"మరకే. గంట కొడతరు, లే ఇగ."

మర్నాడు రికార్డు పుస్తకాలు దిద్దుతున్నప్పుడు ఆ పిల్ల పుస్తకంలో పెద్ద గుండ్రం, దాని నిండా రక్తకణాలు, వాటి మధ్య రెండు నెలవంకలు కనిపించాయి. నెలవంకల నడుమ పెన్సిల్ మొనతో పెట్టిన చిన్న చిన్న చుక్కలు. ఎర్ర పెన్నుతో రెండింటినీ కొట్టేసి పక్కన "మరక. గీయరాదు" అని రాశాను. పుస్తకం తిరిగిచ్చినప్పుడు ఆ పిల్ల దాన్ని చూసింది. పుస్తకం మూసి కూర్చుంది.

ఇప్పటికీ నాకు అర్థం కానిది ఒకటుంది. ఏటా నేను నల్లబల్ల మీద గీసే బొమ్మలో, మనిషి రక్తంలోంచి దోమలోకి పోయే దశ దగ్గర, అదే నెలవంక ఉంటుంది. పసుపు సుద్దతో అరచేయంత గీసేదాన్ని. దాని పేరు పిల్లలతో పదిసార్లు పలికించేదాన్ని. ఆ పిల్ల నోటితో చెప్పినప్పుడు, కాయితం మీద గీసి చూపినప్పుడు, అది నాకు తట్టనే లేదు.

పన్నెండు రోజుల తర్వాత ఉదయం ప్రార్థనలో ఆ పిల్ల పడిపోయింది. ఎత్తి పడుకోబెడితే కళ్లు తెరిచే ఉన్నాయి, మమ్మల్ని గుర్తుపట్టడం లేదు. తన భాషలో ఏదో వేగంగా మాట్లాడుతోంది. కాసేపటికి ఆ మాటలూ ఆగిపోయాయి. చేతులు బిగుసుకున్నాయి. పెద్దసారు వాకిట్లో అటూ ఇటూ నడుస్తూ "బస్సు రాదు గద, వాగు వచ్చె గద" అని అదే మాట అంటున్నాడు.

మంచాన్ని కట్టెలకు కట్టి, హాస్టలులో వంటచేసే ఇద్దరు ఆడవాళ్లు, నేను, పెద్దసారు మోసుకుని బయలుదేరాం. వాగులో నడుంలోతు నీళ్లు. నడివాగులో పెద్దసారు కాలు జారి, మంచం ఒకవైపు ఒరిగింది, పిల్ల జడ నీళ్లలో తడిసింది. ఎలా దాటామో నాకు సరిగ్గా గుర్తులేదు. పెద్దసారు ఏడవడం మాత్రం గుర్తుంది. అవతలి గట్టున కలప లారీ దొరికింది. దుంగల మీద గొంగడి పరిచి, దానిమీద పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

బస్తీ ఆసుపత్రిలో డాక్టరు కనురెప్పలు ఎత్తి చూసి అడిగాడు, "రక్తం స్లయిడు తీసిండ్రా? ఏం మలేరియా అని వచ్చింది?"

"తీసిండ్రు. రిపోర్టు రాలే" అన్నాను.

"ఎన్ని రోజులైంది?"

చెప్పాను. ఆయన వెంటనే సెలైను పెట్టించి అందులో క్వినైన్ ఎక్కించమన్నాడు. మూడు రోజులు ఆ పిల్ల కళ్లు తెరవలేదు. రెండోరోజు తండ్రి వచ్చాడు. గూడెంనుంచి నడిచొచ్చిన మనిషి, మోకాళ్ల దాకా బురద. మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు.

"ఏమైంది బాయీ?" అని అడిగాడు. అక్కడి మరాఠీ వాసనతో పంతులమ్మలను వాళ్లు బాయీ అనే పిలుస్తారు.

"సలిజరం" అన్నాను.

నాలుగోరోజు ఆ పిల్ల కళ్లు తెరిచి నీళ్లడిగింది. తండ్రికి అప్పగించి నేను బడికి తిరిగొచ్చాను. డాక్టరు అడిగిన మాట మనసును వదలక, బీరువా తీయించి ఆ పిల్ల స్లయిడు జేబురుమాలులో చుట్టుకుని హెల్త్ సెంటరుకు పోయాను. స్లయిడ్లు చూసే ఆయన కుప్పల మధ్య కూర్చుని ఉన్నాడు. నా స్లయిడు మీద నూనె చుక్క వేసి, రెండు నిమిషాలు కూడా చూడలేదు.

"మంచిగ కనబడ్తున్నయి గదమ్మా, వంకలు. మెదడుకెక్కె మలేరియా గిదే. ఎవలిది గీ స్లయిడు?"

"మా బడి మైక్రోస్కోపుల కనబడ్తయా? నూనె లెన్సు లేకుండ?"

"ఉంగరాలు దొరకయి గాని గీ వంకలైతే దొరుకుతయి. పెద్దగుంటయి గద. కన్ను మంచిగుండాలె, అంతే."

నన్నూ చూడమన్నాడు. చూశాను. ఆ పిల్ల పెన్సిల్‌తో గీసినట్టే, నడుమ అవే చుక్కలు. అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. పన్నెండు రోజులు. పన్నెండు రోజుల ముందు స్లయిడు పట్టుకుని ఇదే సెంటరుకు వచ్చుంటే ఆ పిల్ల మంచమెక్కేది కాదు. ఆయన టీ తెప్పించాడు. తాగలేదు.

ఆ రోజే ఆయనతో, సూదిసారుతో మాట్లాడి ఒక ఏర్పాటు చేసుకున్నాను. బడిలో ఎవరికి జ్వరం వచ్చినా స్లయిడు మేమే తీస్తాం, రంగు వేస్తాం. సూదిసారు ఎక్కడున్నా వారానికి రెండుసార్లు వచ్చి పట్టుకుపోతాడు. మా స్లయిడ్లు కుప్పలో పడకుండా సెంటరులో ఆయన ముందుగా చూస్తాడు. పెద్దసారుకు చెబితే, చొక్కా లోపలి జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. "ఇగ నీ దగ్గర్నే ఉంచుకో" అన్నాడు. ఆ సంవత్సరం రిపోర్టులు రెండు మూడు రోజుల్లో వచ్చాయి. ఇంకో ఆరుగురికి అసలు మందు వేళకు పడింది. నూనె లెన్సు మాత్రం నేనున్నంతకాలం రాలేదు.

ఆ పిల్ల బడికి తిరిగి రాలేదు. పదిహేను రోజుల తర్వాత తండ్రి హాస్టలుకు వచ్చి పెట్టె, దిండు, దుప్పటి తీసుకున్నాడు. నేను అడ్డం పోయాను.

"తగ్గినంక పంపుండ్రి. తెలివైన పిల్ల. నేను చూసుకుంట."

ఆయన కోపంగా కూడా అనలేదు. "సదువు కోసమని పంపితిని బాయీ. పోరి పానం పోతుండె. ఇగ సాలు."

ఏ మొహంతో వాదించను? తర్వాతి పాఠం దిద్దడానికి తీసుకున్న ఆ పిల్ల రికార్డు పుస్తకం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. అడగలేదు, ఇవ్వలేదు.

పత్తి ఏరడం అయిపోయాక, చలికాలంలో ఒక ఆదివారం బెల్లంపల్లి పోకుండా ఆ గూడేనికి పోయాను. బస్సు దిగి రెండు గంటల నడక. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు మనసులో కూర్చుకున్నాను. ఒక్కదాన్నే పక్కకు పిలిచి మెల్లగా చెప్పాలనుకున్నాను, తప్పు నాదని, క్షమించమని.

ఆ పిల్ల వాకిట్లో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. చిక్కిపోయింది, నవ్వింది. "మంచిగున్నవా?" అన్నాను. నా పెదవుల వైపు చూస్తోంది గాని జవాబు చెప్పలేదు.

లోపలినుంచి తండ్రి వచ్చాడు. "గట్టిగ చెప్పు బాయీ. దానికి ఇనబడది. జరం పోయింది గాని సెవులు గట్లనే అయినయి."

నాకు ఆ సంగతి తెలియదు. ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. జ్వరం వల్లనో, ఎక్కించిన మందు వల్లనో, ఇప్పటికీ తెలియదు.

మెల్లగా చెప్పాలనుకున్న మాటలు ఆ వాకిట్లో నిలబడి అరిచి చెప్పాల్సి వచ్చింది. "నువ్వు గీసింది కరెక్టే! మరక కాదు! నేనే తప్పు చేసిన!" అరిచాను. మొదటిసారి అందలేదు. రెండోసారి ఇంకా గట్టిగా అరిచాను. పక్క ఇళ్లవాళ్లు బయటకొచ్చి చూశారు. తండ్రి ఏమీ అర్థంకాక మా ఇద్దరి వైపు చూస్తున్నాడు. అప్పుడు ఆయనకూ చెప్పాను, మొదటినుంచి, అందరి ముందూ. పిల్ల ముందే చూసి చెప్పినా నేను పట్టించుకోలేదని చెప్పాను. ఆయన తల వంచుకుని విన్నాడు. "నీకు గూడ ఎర్కలేకపాయె" అన్నాడు. అది క్షమించడమో, నిందించడమో నాకు తెలియలేదు.

ఆ పిల్ల మాత్రం, "నాకు ఎర్కనే టీచర్" అంది. వినపడనివాళ్లు మాట్లాడినట్టు కాస్త పెద్దగా అంది. "రెండు సార్లు సూసిన గద. మరకలు గట్లుండయి."

"మరి గప్పుడే గట్టిగ చెప్పకపోతివి?" అని అడిగాను. నోరు జారింది. వెంటనే నాలుక కరుచుకున్నాను.

ఆ మాట ఆ పిల్లకు అందిందో లేదో. చేట కింద పెట్టి, ఇంట్లోకి పోయి ఒక పసివాడిని ఎత్తుకొచ్చింది. తమ్ముడు. ఒళ్లు కాలుతోంది. నా సంచిలోంచి కనబడుతున్న స్లయిడ్ల డబ్బావైపు చూపించింది. సూది, స్లయిడ్లు సంచిలో ఎప్పుడూ పెట్టుకునే తిరిగేదాన్ని అప్పట్లో. వాడి వేలు తను పట్టుకుంది, నేను పొడిచాను, స్లయిడు తను లాగింది. అది చూసి ఇంకో ఇద్దరు తల్లులు పిల్లల్ని ఎత్తుకొచ్చారు. మధ్యాహ్నం దాకా తొమ్మిది స్లయిడ్లు తీశాం. ఒక్కోదాని అంచున ఎవరిదో గుర్తు తనే గీసింది.

సెంటరులో చూస్తే నలుగురికి మలేరియా ఉన్నట్టు తేలింది. తమ్ముడిది కూడా. సూదిసారు మరునాడే సైకిల్ మీద మందులు పట్టుకుపోయాడు. అందరికీ తగ్గిందని వారం తర్వాత చెప్పాడు.

తర్వాతి వేసవిలో పిల్లను మళ్లీ బడికి పంపమని అడగడానికి పోయాను. పెళ్లి చేసి మహారాష్ట్ర వైపు పంపించారట. ఏ ఊరని అడిగితే తండ్రి చెప్పాడు, నాకు ఆ ఊరు ఎక్కడుందో తెలియలేదు. రెండేళ్లకు నాకు మంథని బదిలీ అయింది. అక్కడి బడిలో మైక్రోస్కోపు కొత్తది, అన్ని లెన్సులూ ఉన్నాయి. మొదటిరోజు పెట్టె తెరిచి నూనె లెన్సును చేతిలోకి తీసుకున్నాను. మళ్లీ దాని గూట్లో పెట్టాను. ఆ రోజు పాఠం చెప్పడం నావల్ల కాలేదు. పిల్లల్ని ఆటలకు పంపించి తరగతి గదిలో కూర్చున్నాను.